పాత జెన్‌కు స్టీలు అల్లిక బ్రేకు గొట్టాలు: మేలు ఎంత, ఖర్చు ఎంత

పాత కారు బ్రేకులు మెత్తబడ్డాయని షెడ్డుకు తీసుకెళితే ముందు ప్యాడ్లు, షూలు చూస్తారు, ఆ తర్వాత మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) కిట్ మార్చాలంటారు. బాడీకీ చక్రానికీ మధ్య వేలాడే రబ్బరు గొట్టాల మీద మాత్రం అవి కారడం మొదలయ్యేదాకా ఎవరి చూపూ పడదు. నా మారుతీ జెన్‌కు ఆ గొట్టాలను రెండు విడతలుగా మార్పించాను. మొదట కారు కంపెనీవే కొత్త రబ్బరు గొట్టాలు వేయించి కొన్ని నెలలు నడిపాను. ఆ తర్వాత వాటిని తీయించి, పైన స్టీలు అల్లిక, లోపల టెఫ్లాన్ ఉన్న గొట్టాలు వేయించాను. ఇలా విడివిడిగా చేయడానికి కారణం ఉంది. పాతికేళ్ల నాటి రబ్బరును తీసేసి నేరుగా స్టీలు గొట్టాలు వేసుకున్నవారు పెడల్ ఎంతో గట్టిపడిందని చెబుతారు. అది నిజమే, కానీ ఆ మార్పులో కొత్త గొట్టం వాటా ఎంత, స్టీలు వాటా ఎంత అన్నది వారి అనుభవం నుంచి తేల్చలేం. డబ్బు ఖర్చు పెట్టబోయే మనిషికి కావలసింది సరిగ్గా ఆ లెక్కే.

నా అభిప్రాయం ముందే చెబుతాను. పాత కారుకు కలిగే మేలులో పెద్ద భాగం కొత్త గొట్టం, కొత్త బ్రేక్ ఆయిల్, పద్ధతిగా చేసిన బ్లీడింగ్ (ఆయిల్‌లో చిక్కిన గాలిని బయటికి పంపడం) వల్లనే వస్తుంది. స్టీలు అల్లిక దాని మీద మరికొంత చేరుస్తుంది. ఆ మరికొంత కాలికి స్పష్టంగా తెలుస్తుంది, నడిపేవారికి సంతృప్తినిస్తుంది, అయితే కొనేటప్పుడూ బిగించేటప్పుడూ రబ్బరు గొట్టం అడగని శ్రద్ధను అడుగుతుంది. ఇది ఒక దుకాణం గురించో ఒక బ్రాండు గురించో కాకుండా రెండు రకాల వస్తువులను పోల్చే సమీక్ష కనుక నేను కొన్న చోటి పేరు ఇవ్వడం లేదు.

జెన్ 1993లో వచ్చింది, ఆ తొలి రూపం 2006లో ఆగిపోయింది. 993 సీసీ అల్యూమినియం ఇంజిను, ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్న తేలికైన చిన్న కారు అది. నా దగ్గర ఉన్నది కార్బ్యురేటర్ రోజుల బండి, అందులో చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏబీఎస్ లేదు. చక్రం ఎక్కడ జారబోతోందో చెప్పడానికి పెడల్ మీది పాదం తప్ప మరో సాధనం లేని కారు కనుక పెడల్ స్పర్శ ఇందులో కేవలం సౌఖ్యానికి సంబంధించిన విషయం కాదు. 15 ఏళ్లు నిండి, ఐదేళ్లకోసారి ఆర్‌సీ పునరుద్ధరించుకునే దశకు వచ్చిన ఏ కారుకైనా ఇక్కడ రాసేవి చాలావరకు వర్తిస్తాయి. ఎస్టీమ్, 800, పాత శాంత్రో నడిపేవారు కూడా తమ బండికి అన్వయించుకుని చదవవచ్చు.

ముందుగా పాత గొట్టాల సంగతి. బ్రేకు గొట్టంలో సాధారణంగా మూడు పొరలు ఉంటాయి. లోపల ఆయిల్‌కు తగిలే ఈపీడీఎం రబ్బరు నాళం, దాని చుట్టూ ఒత్తిడిని ఆపే దారపు అల్లిక, దాని పైన ఎండా వానా తట్టుకునే మరో రబ్బరు పొర. పై పొర ముసలిదైతే వంపుల దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తాయి, గొట్టాన్ని కొద్దిగా వంచి టార్చి వేసి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. లోపలి పొర ముసలిదైతే బయటి నుంచి ఏమీ తెలియదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. లోపలి రబ్బరు ఉబ్బి దారి సన్నబడుతుంది, కొన్నిసార్లు ఒక పొర లేచి తలుపు రెక్కలా అడ్డుపడుతుంది. కాలితో తొక్కే ఒత్తిడి ఎక్కువ కనుక ఆయిల్ ఆ రెక్కను తోసుకుని చక్రం వైపు వెళ్లిపోతుంది. కాలు తీశాక వెనక్కి రావడానికి మాత్రం దానికి అంత బలం ఉండదు. ఫలితంగా ఆ చక్రం బ్రేకు సగం పట్టే ఉండిపోతుంది.

నా బండిలో కనిపించిన లక్షణం ఇదే. కొంత దూరం నడిపి ఆపాక ఎడమ ముందు చక్రం రిమ్ము మిగతా వాటికంటే బాగా వేడెక్కేది, బండి ఎడమకు కొద్దిగా లాగేది. కాలిపర్‌లో, అంటే ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగంలో, పిస్టన్ పట్టేసిందని మొదటి షెడ్డులో అన్నారు. దాన్ని మార్చే ముందు చేయదగిన చిన్న పరీక్ష ఒకటి ఉంది. చక్రాన్ని జాకీ మీద లేపి, బ్రేకు తొక్కి వదిలి, చేత్తో తిప్పి చూడాలి. బిగుసుకుని ఉంటే కాలిపర్ మీద ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న మర, బ్లీడర్ నిప్పుల్‌ను కొద్దిగా వదులు చేయాలి. చుక్క ఆయిల్ చిమ్మి చక్రం వెంటనే స్వేచ్ఛగా తిరిగితే పిస్టన్ బాగానే ఉన్నట్టు, ఒత్తిడే లోపల చిక్కుకున్నట్టు. ఆ చిక్కు గొట్టంలో ఉందా, పైన మాస్టర్ సిలిండర్‌లో ఉందా అన్నది తేల్చడానికి మరోసారి తొక్కి వదిలి, ఈసారి నిప్పుల్ జోలికి పోకుండా మాస్టర్ సిలిండర్ దగ్గర ఆ చక్రానికి వెళ్లే పైపు నట్టును వదులు చేయాలి. అప్పటికీ చక్రం కదలకపోతే దోషం గొట్టానిదే. నా కారులో అదే తేలింది. తీసిన గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూశాను. పైన ఒక్క పగులు లేని ఆ గొట్టం లోపల రబ్బరు మెత్తగా, జిగటగా మారి, బాంజో కొసకు (బోలు బోల్టుతో కాలిపర్‌కు బిగించే గుండ్రని కొస) దగ్గరలో దారి సగానికి పైగా మూసుకుపోయి ఉంది. పాత కారు కొన్నవారెవరైనా గొట్టాల వయసు తెలియకపోతే అవి బండితో పాటు వచ్చినవేనని అనుకుని మార్పించడం మంచిదని నేను నమ్మడానికి ఆ చీల్చిన ముక్కే కారణం.

మొదటి విడతలో కొత్త కంపెనీ రబ్బరు గొట్టాలు వేయించాను. అమెరికా భద్రతా నియమం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 ప్రకారం గొట్టం మీద తయారీ తేదీ, లోపలి వ్యాసం ఉండాలి, వాటితో పాటు హెచ్‌ఆర్ లేదా హెచ్‌ఎల్ అనే రెండక్షరాలు ఉండాలి. ద్రవపు బ్రేకులకు వాడే మామూలు వ్యాకోచపు గొట్టం హెచ్‌ఆర్, తక్కువ వ్యాకోచపు గొట్టం హెచ్‌ఎల్. అంగుళంలో ఎనిమిదో వంతు వ్యాసం ఉన్న గొట్టం 1,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి దగ్గర ఒక అడుగు పొడవుకు 0.66 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ ఉబ్బకూడదు, హెచ్‌ఎల్ అయితే 0.33 దాటకూడదు. ఈ రెండు అంకెలూ గుర్తుంచుకోదగినవి. మంచి రబ్బరు గొట్టంలోనే మామూలు పరిమితిలో సగానికి పరిమితమయ్యే రకం ఉన్నప్పుడు, రబ్బరంటేనే ఉబ్బేది, స్టీలంటేనే ఉబ్బనిది అని చెప్పే అమ్మకందారు మాట పూర్తిగా నిజం కాదు. మన దేశంలో ఈ గొట్టాలకు ఐఎస్ 7079 ప్రమాణం ఉంది. ఆ గుర్తు లేని లోకల్ గొట్టం ఎంత చవకగా దొరికినా కొనకండి.

అదే నియమం అడిగే మరో చిన్న సంగతి, రబ్బరు గొట్టం మీద ఎదురెదురుగా పొడవునా సాగే రెండు గీతలు. అవి అలంకారం కాదు. బిగించేటప్పుడు గొట్టం మెలితిరిగిందో లేదో ఆ గీత చూసి చెప్పవచ్చు. గీత తిన్నగా ఉంటే సరిగా కూర్చున్నట్టు, గొట్టం చుట్టూ తిరిగితే విప్పి మళ్లీ కూర్చోబెట్టాలి. స్టీలు గొట్టాల దగ్గరకు వచ్చాక ఈ గీత విలువ నాకు ఇంకా బాగా తెలిసింది.

రబ్బరు గొట్టాలతో పాటు బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించాను. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ చేరాక ప్రమాణం అడిగేది 140 డిగ్రీలే. డాట్ 4కు అవే అంకెలు 230, 155. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ ఘాట్ దిగేటప్పుడు కాలిపర్‌లో మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది, అప్పుడు గొట్టం ఏ రకమైనా ఒకటే. ఇంత చేశాక బండి నడిపితే మార్పు చాలా పెద్దదిగా అనిపించింది. లాగడం పోయింది, రిమ్ము వేడి పోయింది, పెడల్ మునుపటికంటే పైననే పట్టింది. కారును బాగా ఆగేలా చేయడమే మీ లక్ష్యమైతే ఇక్కడితో ఆగిపోయినా ఏ లోటూ లేదు. నేను ముందుకు వెళ్లింది ఆ పైన ఏముందో తెలుసుకోవాలని.

రెండో విడతలో తీసుకున్న గొట్టాల నిర్మాణం వేరు. లోపలి నాళం టెఫ్లాన్, అంటే వంటింట్లో నాన్‌స్టిక్ పెనం మీద పూతగా వాడే పదార్థమే. దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీలు సన్న తీగల అల్లిక, దాని పైన పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. కొసలు రెండూ స్టెయిన్‌లెస్ స్టీలువే. టెఫ్లాన్ రబ్బరులా సాగదు, స్టీలు అల్లిక దాన్ని ఉబ్బనివ్వదు, పైగా రబ్బరు గోడ గుండా మెల్లగా లోపలికి చేరే తేమ టెఫ్లాన్ గుండా దాదాపు చేరదు. రేసు కార్లకూ మోటారు సైకిళ్లకూ ఇవి ఎప్పటి నుంచో ఉన్నాయి. గుడ్‌రిడ్జ్, హెల్ వంటి బ్రిటిష్ తయారీదారుల పేర్లు బైకులు నడిపే మన కుర్రకారుకు కూడా పరిచయమే. జెన్ లాంటి ఆగిపోయిన కారుకు సిద్ధంగా ఉన్న సెట్టు దొరకడం కష్టం కనుక, తీసిన పాత గొట్టాలను నమూనాగా పంపి అదే కొలతకు చేయించుకున్నాను.

సెట్టు చేతికి వచ్చాక నేను మొదట చూసినవి కొసలే. అల్లికను కొస లోహానికి కలిపే పద్ధతులు రెండు ఉన్నాయి. యంత్రంతో నలువైపులా నొక్కి శాశ్వతంగా బిగించేది ఒకటి, మరలతో విప్పి బిగించుకోగలిగేది మరొకటి. రోడ్డు మీద రోజూ తిరిగే కారుకు నొక్కి బిగించినదే కావాలి. ఆ కాలరు దగ్గర అల్లిక తీగ ఒక్కటి కూడా బయటికి పొడుచుకు రాకూడదు. కాలరును దాటి కొంత దూరం గట్టి తొడుగు ఉండడం కూడా అవసరం. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ గొట్టం వంగేది ఆ చోటే, మెత్తని గొట్టం బిగుసైన లోహాన్ని కలిసే ఆ అంగుళంలోనే టెఫ్లాన్ అలసిపోతుంది. ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ నియమం గొట్టాన్ని యంత్రం మీద 35 గంటలు ఆపకుండా ఊపి చూడమంటుంది. స్టీలు గొట్టాలకు కష్టమైన పరీక్ష అదే, ఒత్తిడి పరీక్ష కాదు. కనుక అమ్మేవారు ఎన్ని వేల పీఎస్‌ఐ తట్టుకుంటుందో గొప్పగా చెబితే, వంపు పరీక్ష ఫలితం కూడా అడగండి. ఒత్తిడి విషయానికి వస్తే ఆ నియమం కింద ఈ సైజు మామూలు రబ్బరు గొట్టమే 7,000 పీఎస్‌ఐ లోపు పగలకూడదు. ఎంత గట్టిగా తొక్కినా చిన్న కారు బ్రేకుల్లో ఒత్తిడి దాని దరిదాపులకు రాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ జేసీబీలకూ ట్రాక్టర్లకూ హైడ్రాలిక్ గొట్టాలను అప్పటికప్పుడు నొక్కి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. వారి పనితనం గొప్పది, ఆ యంత్రాలు పొలాల్లోనూ క్వారీల్లోనూ ఆగకుండా నడుస్తున్నాయంటే వారి చలవే. అయితే అలాంటి ఒక చోట బ్రేకు గొట్టం కూడా చేసిస్తామని నాతో అన్నారు, బయట స్టీలు అల్లిక కనిపించే గొట్టాన్నే చూపించారు. ఆ గొట్టం లోపలి నాళం నైట్రైల్ రబ్బరు. అది పెట్రోలియం నూనెల కోసం చేసినది. గ్లైకాల్ జాతికి చెందిన బ్రేక్ ఆయిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడవుతుంది. పైకి ఒకేలా కనిపించే రెండు గొట్టాల మధ్య ప్రాణాంతకమైన తేడా ఇది. అడగవలసిన ప్రశ్న ఒక్కటే, లోపలి నాళం దేనితో చేసినది? టెఫ్లాన్ లేదా ఈపీడీఎం అన్న సమాధానం, దానితో పాటు రాతపూర్వకమైన పరీక్ష పత్రం రాకపోతే నమస్కారం చెప్పి వచ్చేయడం మేలు.

మరల సంగతి కూడా అంతే ముఖ్యం. పది మిల్లీమీటర్ల బోల్టుల్లోనే ఒక మిల్లీమీటరు పిచ్ (మర చుట్ల మధ్య దూరం), ఒకటింపావు మిల్లీమీటరు పిచ్ రెండూ ఉంటాయి, కంటికి ఒకేలా కనిపిస్తాయి. ఒకదానిలో మరొకటి మొదటి రెండు చుట్లు ఎక్కి ఆ తర్వాత బిగుసుకుంటుంది. బలవంతంగా పానా వేసి తిప్పితే కాలిపర్ మర పోతుంది, ఆ కాలిపర్ ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం. బోల్టును చేత్తో చివరిదాకా తిప్పగలిగితేనే అది సరైన మర. పైపు కొస ఆనే గుంట ఆకారం కూడా జపాన్ పద్ధతి కార్లకు ఒకటి, యూరప్ పద్ధతి కార్లకు మరొకటి. నమూనా పంపి చేయించుకోవడంలో ఉన్న లాభం ఇదే. పాత గొట్టం పక్కన కొత్తది పెట్టి పొడవు, కొస కోణం, మర మూడూ సరిచూసుకున్నాకే బండి కింద పడుకోవాలి.

బిగింపు పనిలో నాకు ముఖ్యమని తోచినవి చెబుతాను. పాత బండిలో స్టీలు పైపు నట్టు తుప్పుతో పైపుకే అతుక్కుపోయి ఉంటుంది. మామూలు పానాతో తిప్పితే నట్టుతో పాటు పైపూ మెలితిరిగి చిట్లుతుంది, పని గొట్టం నుంచి మొత్తం పైపు మార్పిడికి పెరుగుతుంది. ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచి, నట్టును దాదాపు చుట్టూ పట్టే పైపు నట్టు పానాతోనే విప్పించాను. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉన్నవారు ఈ దశలో మరింత సమయం కేటాయించుకోవాలి. బాంజో బోల్టుకు రెండు వైపులా రాగి వాషర్లు తప్పనిసరిగా కొత్తవి వేయాలి, పాతవి ఒకసారి నలిగిపోయినవి కనుక మళ్లీ సరిగా కూర్చోవు. ఆయిల్ కారకుండా రబ్బరు గొట్టాన్ని పట్టకారుతో నొక్కి పట్టుకునే అలవాటు చాలామంది మెకానిక్కులకు ఉంది. రబ్బరుకే అది మంచిది కాదు, టెఫ్లాన్ గొట్టానికైతే ఒక్క నొక్కుతో పడిన మడత శాశ్వతం, ఆ గొట్టం ఇక పనికిరాదు. పని మొదలుపెట్టే ముందే ఈ మాట చెప్పి ఒప్పించుకోవాలి.

నా సెట్టులో నాకు నచ్చని లోపం ఇక్కడే బయటపడింది. వాటి మీద రబ్బరు గొట్టాల మీద ఉండే గీత లేదు. ఏకరీతిగా మెరిసే అల్లికలో మెలిక పడిందో లేదో కంటికి అందదు. బిగించే ముందు తొడుగు మీద మార్కరుతో పొడవునా సన్నని గీత గీయించి, దాన్ని చూస్తూ బిగింపించాము. తయారీదారు గీయవలసిన గీత అది. చక్రం పైన స్ప్రింగును మోసే స్ట్రట్ దగ్గర గొట్టాన్ని పట్టి ఉంచే రబ్బరు ముక్క కూడా కొత్త గొట్టం సన్నదనానికి తగినట్టు లేదు, వదులుగా కూర్చుంది. తగిన లావు రబ్బరు బుష్ వేరే కొనవలసి వచ్చింది. ఈ ధర పెట్టించుకున్న సెట్టులో ఆ రెండూ ఉండి తీరాలి.

అన్నీ బిగించాక స్టీరింగు పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూశాము. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు ఒకసారి, బండి నేల మీద నిలబడి స్ప్రింగు నొక్కుకున్నప్పుడు ఒకసారి చూశాము. గొట్టం ఎక్కడా బిగుసుకోకూడదు, టైరుకూ స్ట్రట్‌కూ రాసుకోకూడదు. రబ్బరు గొట్టం రాసుకుంటే తానే అరుగుతుంది. స్టీలు అల్లిక రాసుకుంటే అవతలి వస్తువును ఆకురాయిలా అరగదీస్తుంది.

బ్లీడింగ్‌లో ఒక జాగ్రత్త పాత కార్లవారంతా తెలుసుకోవాలి. ఒకరు తొక్కడం, మరొకరు నిప్పుల్ వదలడం అనే పాత పద్ధతిలో పెడల్ ప్రతిసారీ నేలదాకా వెళుతుంది. రోజువారీ వాడకంలో మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు అంత దూరం వెళ్లవు, ఆ చివరి భాగంలో ఏళ్ల నాటి తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. సీళ్లు దాని మీదుగా జారి చిరిగితే నిన్నటిదాకా బాగున్న సిలిండర్ ఈ రోజు పోయిందని బాధపడవలసి వస్తుంది. పెడల్ కింద చిన్న చెక్క దిమ్మ పెట్టి, సగం పైనే ఆగేలా తొక్కించాను. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం సాధారణ పద్ధతి, అయినా మీ బండి మాన్యువల్‌లో వేరే క్రమం ఉంటే దాన్నే పాటించాలి. ఆయిల్ ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి, పెయింటును అది నిమిషాల్లో తినేస్తుంది.

ఇప్పుడు నడిపిన అనుభవం. ఊళ్లో మామూలు వేగంలో, మెత్తగా తొక్కే బ్రేకుల్లో కొత్త రబ్బరుకూ స్టీలుకూ తేడా చాలా స్వల్పం. కళ్లకు గంతలు కట్టి అడిగితే చెప్పగలనని నేను ప్రమాణం చేయలేను. తేడా మధ్యస్థంగా, గట్టిగా తొక్కినప్పుడు మొదలవుతుంది. రబ్బరుతో పెడల్ పట్టాక కూడా కాలు ఇంకొంచెం లోపలికి వెళ్లేది, స్టీలుతో ఆ కొంచెం లేదు. పాదం ఒత్తిడి ఎంత పెంచితే బ్రేకు అంతే పెరుగుతుంది, ఎంత తగ్గిస్తే వెంటనే అంతే తగ్గుతుంది. ఈ రెండో గుణం, అంటే వదలడంలోని కచ్చితత్వం, నాకు మొదటిదానికంటే విలువైనదిగా తోచింది. తడి రోడ్డు మీద చక్రం జారబోయే అంచుకు చేరినప్పుడు పాదం సన్నగా వదిలితే చక్రం మళ్లీ పట్టు అందుకుంటుంది. ఏబీఎస్ లేని కారులో ఆ సన్నని వదులు మీదే చాలా ఆధారపడి ఉంటుంది.

తిరుమల నుంచి దిగే పాత ఘాట్ రోడ్డు ఈ గుణాన్ని బాగా చూపించింది. రెండో గేరులో ఇంజిను పట్టు మీద దిగుతూ, మలుపుకు ముందు మాత్రం బ్రేకు తొక్కి వదులుతూ వస్తే, మొదటి మలుపు దగ్గరా కిందికి వచ్చాకా పెడల్ ఒకే ఎత్తులో పట్టింది. అయితే ఇందులో గొట్టాల ఘనత ఎంతో కొలిచి చెప్పాలి. ఘాట్‌లో బ్రేకులు చేతులెత్తేయడానికి కారణం ప్యాడ్లు అతిగా కాలడం, ఆయిల్ మరగడం. ఈ రెండింటినీ ఏ గొట్టమూ ఆపదు. న్యూట్రల్‌లో దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచేవారికి స్టీలు గొట్టం ఏ రక్షణా ఇవ్వదు.

బండి ఆగే దూరం తగ్గుతుందా అని చాలామంది అడుగుతారు. గొట్టం వల్ల తగ్గదు. చక్రాలను జారే అంచుదాకా తీసుకెళ్లగల శక్తి పాత బ్రేకులకూ ఉంది, ఆ అంచు ఎక్కడన్నది నిర్ణయించేది టైరు. ఐదారేళ్లు దాటి గట్టిపడిన టైర్లతో నడుపుతూ స్టీలు గొట్టాలకు డబ్బు పెట్టడం సరైన వరస కాదు. అలాగే వెనుక డ్రమ్ము షూల సర్దుబాటు వదులైతే పెడల్ లోతుకు వెళుతుంది, దాన్ని గొట్టం సరిచేయదు. ఒకే ఒత్తిడితో తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా దిగిపోతూ ఉంటే అది మాస్టర్ సిలిండర్ జబ్బు. మెత్తని పెడల్‌కు గొట్టాల ఉబ్బు అన్నిటికంటే చిన్న కారణాల్లో ఒకటి, గాలి బుడగ అన్నిటికంటే తరచుగా కనిపించే కారణం.

ఖర్చు విషయంలో, నేను చేయించుకున్న స్టీలు సెట్టు కంపెనీ రబ్బరు సెట్టు ధరకు మూడు రెట్లకు దగ్గరగా పడింది, నమూనా పంపే ఖర్చు, బుష్‌ల ఖర్చు వేరు. బిగింపు కూలి, ఆయిల్ రెండింటికీ ఒకటే. జీవితకాల హామీ అని అమ్మేవారు చెబుతారు, దాన్ని నేను పట్టించుకోలేదు. రబ్బరు గొట్టం పై పొర ముసలిదైతే పగుళ్లతోనో ఉబ్బుతోనో ఎంతో కొంత ముందే చెబుతుంది. స్టీలు అల్లిక కింద టెఫ్లాన్‌కు ఏమైందో బయటికి కనపడదు. పై తొడుగు ఒకచోట చిరిగితే దుమ్మూ ఇసుకా అల్లికలోకి చేరి తీగలను, వాటి కింది నాళాన్ని అరగదీస్తాయి. అందుకే ప్రతి సర్వీసులో తొడుగు చిరిగిందేమో, కాలరు దగ్గర తడి ఉందేమో, తీగ తెగిందేమో చూడాలి. ఏ ఒక్కటి కనిపించినా ఆ గొట్టాన్ని మార్చేయాలి. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం రెండు రకాలకూ తప్పదు.

రోజూ ఆఫీసుకు, బజారుకు పాత జెన్‌లో తిరిగేవారికి నేను సూచించేది కంపెనీ రబ్బరు గొట్టాలే. దొరికినంత కాలం అవే తీసుకోండి, తయారీ తేదీ చూసి తీసుకోండి, ఏళ్లుగా దుకాణం అటకమీద ఉన్న సరుకు వద్దు. కంపెనీ గొట్టం దొరకడం మానేసిన కార్లకు, ఘాట్ దారుల్లో తరచు తిరిగేవారికి, పెడల్ స్పర్శను నిజంగా ప్రేమించేవారికి స్టీలు గొట్టాలు డబ్బుకు తగినవే. నా బండిలో అవి ఉన్నాయి, తీయించే ఆలోచన లేదు. తీసిన కొత్త రబ్బరు గొట్టాలను మాత్రం పారేయకుండా, కొసలకు మూతలు బిగించి, ఎండ తగలని చోట దాచాను. దూర ప్రయాణంలో స్టీలు గొట్టానికి ఏదైనా అయితే దారిలోని మామూలు షెడ్డులో బిగించగలిగేవి అవే కనుక పొడవైన ప్రయాణాలకు వాటిని రాగి వాషర్లతో సహా డిక్కీలో పెట్టుకుని వెళతాను.